దివిసీమలో ఒకే రోజు రెండుసార్లు ఓటేసిన ఊరు

పద్దెనిమిదేళ్ళుగా గుడివాడలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో సివిక్స్ చెబుతున్నాను. ఏడాది పొడవునా నిద్రమొహాలతో కూర్చునే పిల్లలు కూడా ఒక్క పాఠానికి మాత్రం నిటారుగా కూర్చుంటారు. అది రెఫరెండం పాఠం. నాయకుణ్ణి ఎన్నుకోవడం కాకుండా, ఒకే ఒక్క ప్రశ్న జనం ముందు పెట్టి, మీరే తేల్చండి అనడం. స్విట్జర్లాండ్‌లో ఆడవాళ్ళకి ఓటు ఇద్దామా అని 1959లో మగవాళ్ళని అడిగితే ససేమిరా అన్నారనీ, మళ్ళీ పన్నెండేళ్ళకి గానీ ఒప్పుకోలేదనీ చెప్పగానే ఆడపిల్లల బెంచీల్లో గోల మొదలవుతుంది. స్వీడన్‌లో బండ్లు రోడ్డుకి ఏ పక్కన నడపాలని అడిగితే జనం పాత అలవాటే ముద్దన్నారు. కొన్నేళ్ళు ఆగి ప్రభుత్వం తనక్కావలసినట్టే మార్చుకుంది. ఫ్రాన్స్‌లో ఒక అధ్యక్షుడు సెనేటు మార్పుల మీద ఓటు పెట్టి, ఇది ఓడితే నేను దిగిపోతానన్నాడు. జనం సెనేటు సంగతి పక్కన పెట్టి ఆయన్ని ఇంటికి పంపారు. మన గోవాలో 1967లో, మహారాష్ట్రలో కలవాలా వద్దా అని అడిగినప్పుడు, ఒక పక్షానికి పువ్వు గుర్తు, ఇంకో పక్షానికి రెండాకుల గుర్తు ఇచ్చారు. ఇవన్నీ గుక్క తిప్పుకోకుండా చెబుతాను గానీ, ఒక్క రెఫరెండాన్నీ కళ్ళతో చూసిన పాపాన పోలేదు.

ఈ జూన్ చివర్లో మా కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే సుభానీ గారు స్టాఫ్‌రూంలో టీ తాగుతూ, “మేడమ్, మీ పాఠం నాగాయలంక అవతల ఒక ఊళ్ళో ఈ ఆదివారం నిజంగా జరగబోతోంది, వస్తారా?” అన్నారు. ఆయనది మచిలీపట్నం. ఆ ఊరి రిటైర్డ్ హెడ్మాస్టరు ఆయనకి పాత పరిచయం. బోర్ల నీళ్ళలో ఉప్పెంతుందో కొలిచి పెట్టమని అప్పుడప్పుడూ పిలుస్తుంటారట. సంగతేమిటంటే, ఆ ఊరి చుట్టూ పొలాలు ఎప్పుడో రొయ్యల చెరువులైపోయాయి. ఒకే కాలవ కింద నలభై ఒక్కమంది రైతుల వరి మాత్రం మిగిలింది. అందులో కొందరు చెరువులు తవ్వుతామంటున్నారు, కొందరు వద్దంటున్నారు. ఒకరు తవ్వి ఒకరు మానితే కుదిరే వ్యవహారం కాదది. చెరువుకి పెట్టిన ఉప్పునీళ్ళు గట్టు కిందుగా ఊటలా ఇంకి పక్కవాడి వరిచేలో తేలతాయి. అందుకని రెండేళ్ళు కొట్లాడుకుని, చివరికి అందరూ ఓటేసుకుందామనీ, ఏది గెలిస్తే దానికి ఐదేళ్ళు కట్టుబడదామనీ అనుకున్నారు. చట్టం పెట్టిన ఓటు కాదు, ఊరు పెట్టుకున్న ఓటు. నేను రానంటానా?

ఆదివారం పొద్దున ఆరుంబావుకి గుడివాడలో బందరు బస్సెక్కాను. ఆడవాళ్ళకి ఇప్పుడు పల్లెవెలుగులో చార్జీ లేదు. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు సున్నా టికెట్టు చింపి ఇస్తాడు. కవుతరం, పెడన మీదుగా గంటా పావు పట్టింది. కాలవలకి నీళ్ళు వదిలి వారమే అయింది, దారి పొడవునా నారుమళ్ళు దున్నుతున్నారు. నిజానికి గుడివాడ నుంచి దివిసీమకి బందరు చుట్టుదారే. నాకు ఫ్రెంచి పేట చూడాలని ఉంది, సుభానీ గారు కూడా అక్కడే ఎక్కాలి. బస్టాండు బయట ఆయన ఇడ్లీ తినిపించి, ముప్ఫై రూపాయలకి ఆటో మాట్లాడి ఫ్రెంచి పేటకి తీసుకెళ్ళారు. చూడ్డానికి గొప్పగా ఏమీ లేదు, అన్ని వీధుల్లాంటి వీధే. కానీ ఒకప్పుడు ఆ కాస్త ముక్క ఫ్రెంచివాళ్ళది. స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే దాన్ని మనకి అప్పగించేశారు. అదే ఫ్రెంచివాళ్ళు బెంగాల్లోని చందర్‌నగర్‌లో మాత్రం 1949లో జనాన్ని అడిగి ఓటు పెట్టారు. మరి ఇక్కడివాళ్ళని ఎందుకు అడగలేదని నాకెప్పుడూ ఒక ఉడుకుమోత్తనం. ఆ మాటే అక్కడ టీకొట్టు పెద్దాయనతో అంటే, గ్లాసులు కడుగుతూ నవ్వారు. “మమ్మల్ని అడిగితే మాత్రం ఏం చెబుతామమ్మా? ఎవరడుగుతున్నారో వాళ్ళ మొహం చూసి చెబుతాం” అన్నారు. నోటుబుక్కులో రాసుకుందామనుకున్నాను గానీ సుభానీ గారు బస్సుకి టైమవుతోందన్నారు.

ఎనిమిదిన్నరకి బందరులో అవనిగడ్డ బస్సు. చల్లపల్లి, మోపిదేవి దాటి పులిగడ్డ అక్విడక్టు మీదుగా కృష్ణ పాయ దాటి దివిసీమలోకి అడుగుపెట్టేసరికి పదవుతోంది. అవనిగడ్డలో నాగాయలంక బస్సు మారాం, ఇంకో అరగంట. నాగాయలంకలో రాంబాబు అనే ఆటో అతను ఇద్దరికీ కలిపి రెండొందలన్నాడు. దారంతా రెండు పక్కలా చెరువులు, వాటిలో నీళ్ళని చిలుకుతూ గిరగిరా తిరిగే ఏరేటర్లు, కరెంటు మోటార్ల చప్పుడు. “ఓటింగు చూడ్డానికొచ్చారా మేడమ్?” అన్నాడు రాంబాబు. “మా ఊళ్ళో అయితే ఇంత తంతు లేదండి. చేతులెత్తమంటారు. ముందు ఎవరిది లేచిందో చూసుకుని మిగతా చేతులన్నీ లేస్తయ్.” నాకు ఆ మాట నచ్చలేదు. రహస్య ఓటు విలువ గురించి అతనికి ఆటోలోనే చిన్న పాఠం చెప్పాను. పాపం, హారన్ కొట్టుకుంటూ విన్నాడు.

ఊరి పేరు రాయను, రాయొద్దన్నారు. మనుషుల పేర్లు కూడా మార్చాను. ఓటింగు తుఫాను షెల్టరు మేడ మీద. హెడ్మాస్టరు గారు తెల్ల పంచె, ఇస్త్రీ చొక్కాతో మెట్ల దగ్గరే ఎదురొచ్చారు. డెబ్బై దాటినా మనిషి గట్టిగా ఉన్నారు. గోవా పువ్వూ ఆకుల సంగతి ఆయనకీ తెలుసు. ఆ ముక్క వినగానే నాకు పుట్టింటివాళ్ళు కనపడినంత సంబరమైంది. కాగితం మీద అవును, కాదు అని పెడితే దేనికి అవునో తికమక పడతారట, రంగులు పెడితే పార్టీలంటారట. అందుకని ఆయన ఆలోచించి ఆలోచించి, వరి ఉండాలనుకునేవాళ్ళకి వడ్లగింజ, చెరువులు కావాలనుకునేవాళ్ళకి ఉప్పు రాయి నిర్ణయించారు. మనిషి రాగానే ఆయన తన చేత్తో కుడి అరచేతిలో ఒక గింజ, ఎడమ అరచేతిలో ఒక గల్లుప్పు రాయి పెడతారు. ఆ మనిషి దుప్పటి కట్టిన తెర వెనక్కి వెళ్ళి, కావలసినది కుండలో వేసి, రెండోదాన్ని పక్కనున్న నీళ్ళ బకెట్‌లో పడేస్తాడు. బయటికి ఒట్టి చేతులతో వస్తాడు. ఎవరేం వేశారో దేవుడికి కూడా తెలీదు. “ఎంత చక్కగా ఉంది మాస్టారూ!” అన్నాను. నిజంగానే అన్నాను.

తెర దగ్గర నిలబడి ఉన్నప్పుడే వెంకటేశ్వరమ్మ గారిని పరిచయం చేశారు. అరవై పైబడిన మనిషి. భర్త పోయాక సొంతంగా సేద్యం చేస్తున్నారు. ఆ నలభై ఒక్క చేలల్లో ఆమె ఎకరం పల్లంలో ఉంది, రెండు పక్కలా ఆమె బావగారి కొడుకు శ్రీను పొలం. శ్రీను చెరువుల పక్షానికి పెద్ద. చెరువులు పడ్డాయంటే ముందు పాడయ్యేది ఆమె ఎకరమేనని ఊళ్ళో చిన్నపిల్లాణ్ణడిగినా చెబుతాడట. సుభానీ గారు ఆమె బోరు నీళ్ళు నాలుగేళ్ళుగా కొలుస్తున్నారు. “ఇప్పటికి తాగేలానే ఉన్నయి” అన్నారు ఆయన. “పక్కన చెరువు పడితే ఎన్నాళ్ళుంటాయో నేను చెప్పలేనమ్మా.” ఆమె మాత్రం మాటలు పెంచలేదు. “ఓటింగయ్యాక మా ఇంటికి భోజనానికి రండి మేడమ్ గారూ, ఓడినా గెలిచినా అన్నం తప్పదు గదా” అన్నారు.

పదకొండున్నరకి మొదలైంది. ఒక్కొక్కరే మెట్లెక్కి వస్తున్నారు. నేను చూస్తుండగానే ఒక విశేషం జరిగింది. మూడో మనిషి కుడిచెయ్యి చాపి గింజ తీసుకున్నాడు, ఎడమచెయ్యి వెనక్కి పెట్టుకుని “ఉప్పొద్దులెండి మాస్టారూ” అన్నాడు. తర్వాత వచ్చిన ఆవిడా అంతే. “రెండూ తీసుకోవాలమ్మా, లేకపోతే రహస్యం ఎట్లా?” అని హెడ్మాస్టరు గారు బతిమాలుతున్నా, వాళ్ళు గింజ ఒక్కటే పట్టుకుని తెర వెనక్కి పోతున్నారు. వరుసపెట్టి అదే తంతు. నాకు ఒళ్ళు పులకరించింది. వరి మీద ఎంత పట్టుదల ఉంటే ఉప్పు ముట్టుకోవడానికి కూడా ఒప్పుకోరు! రహస్యాన్ని కూడా లెక్కచేయకుండా తమ మాట నలుగురికీ తెలిసేలా చెబుతున్నారు! సోమవారం క్లాసులో ఈ దృశ్యాన్ని ఎలా వర్ణించాలో మనసులో వాక్యాలు కూడా అల్లేసుకున్నాను. శ్రీను మాత్రం రెండు చేతులూ చాపి, రెండూ తీసుకుని వెళ్ళాడు. ఇంకో ముగ్గురు కుర్రాళ్ళు కూడా.

పన్నెండున్నరకి కుండ తెల్ల తువ్వాలు మీద బోర్లించారు. ముప్ఫై ఏడు గింజలు, నాలుగు ఉప్పు రాళ్ళు. వరి గెలిచింది. నేను చప్పట్లు కొట్టాను. నా చప్పట్లు ఒక్కటే వినపడ్డాయి. మిగతావాళ్ళు తలలు దించుకుని చెప్పులేసుకుంటున్నారు. గెలిచినవాళ్ళు ఇలా ఉంటారా అని కాస్త ఆశ్చర్యపోయాను గానీ, ఎండకి అలసిపోయారులే అనుకుని సరిపెట్టుకున్నాను.

వెంకటేశ్వరమ్మ గారి వసారాలో అయిదుగురం కూర్చున్నాం: హెడ్మాస్టరు గారు, సుభానీ గారు, నేను, శ్రీను, అతని భార్య. ఓడిపోయినవాడు గెలిచినవాళ్ళింట్లో అన్నం తినడం కూడా నాకు ముచ్చటగానే అనిపించింది. అరిటాకుల్లో వేడన్నం, గోంగూర రొయ్యలు, మజ్జిగ పులుసు. “చెరువు రొయ్య కాదండి, మన కాలవ రొయ్యే” అన్నారు వెంకటేశ్వరమ్మ గారు మెరుస్తున్న కళ్ళతో. ఆ పూట ఆమె నడకలోనే సంతోషం తెలుస్తోంది. మూడేళ్ళుగా కట్టించని గట్టు ఈసారి మట్టి పోయించి ఎత్తు చేయిస్తానని, మంచి విత్తనం తెప్పించానని, వడ్డిస్తూనే చెప్పుకొచ్చారు. మజ్జిగన్నం దగ్గర హెడ్మాస్టరు గారు కాస్త ఉప్పు కావాలని చెయ్యి చాపారు. ఆమె చేతికి ఇవ్వకుండా ఆకు అంచున పెట్టి, “చేతికిస్తే మనిద్దరికీ తగువొచ్చుద్ది మాస్టారూ” అని నవ్వారు.

శ్రీను ఆకులో చెయ్యి ఆపి, “పొద్దున ఈయన చేసిందదే గదా పిన్నీ” అన్నాడు. అనేసి నాలుక కరుచుకున్నాడు. నేను వదలలేదు. ఏంటో చెప్పమన్నాను. “ఏముందండీ, ఉప్పు ఎవరి చేతిలోంచి తీసుకున్నా వాళ్ళతో గొడవలొస్తయంటారు గదా. మాస్టారి దగ్గర చదువుకోనోడు ఈ ఊళ్ళో లేడు. ఆయన చేత్తో ఉప్పిస్తే ఎవరు తీసుకుంటారు? నాతో ఉప్పే వేస్తానని ఒట్టేసినోళ్ళు పాతికమంది దాకా ఉన్నారు. చేతిలో ఉన్నదే వేసి వచ్చారు. పోనీలెండి, అయిపోయింది. కట్టుబాటంటే కట్టుబాటే.”

నేనూ ఈ జిల్లాలోనే పుట్టాను. మా అమ్మమ్మ పక్కింటివాళ్ళకి ఉప్పు ఇవ్వాల్సివస్తే గిన్నెలో వేసి అరుగు మీద పెట్టేది గానీ చేతికి ఇచ్చేది కాదు. నాకెందుకు తట్టలేదు? నేను వరి మీద ప్రేమ అనుకున్నది ఉప్పంటే భయం. ముప్ఫై ఏడుమంది ప్రశ్నకి జవాబు చెప్పనే లేదు, చేతిలో ఉన్నది వేసి వెళ్ళిపోయారు. హెడ్మాస్టరు గారి మొహం చూడలేకపోయాను. “మా అమ్మ చెప్పేది… ఎప్పుడూ చెప్పేది…” అంటున్నారు, ఎవరితో అంటున్నారో తెలీకుండా.

ఇక్కడ నేను చేసిన పని దాచకుండా రాయాలి. సుభానీ గారు తలొంచుకుని తింటున్నారు. శ్రీను పోనీలెండి అన్నాడు, అతనికి నష్టమైనా అన్నాడు. హెడ్మాస్టరు గారు తన గొణుగుడులోనే ఉన్నారు. మాట్లాడింది నేను. “ఇది చెల్లదండీ” అన్నాను. ప్రశ్న అడిగే పద్ధతిలో తప్పుంటే ఫలితానికి విలువ లేదనీ, మళ్ళీ పెట్టకపోతే అన్యాయమనీ, క్లాసులో చెప్పినట్టే గడగడా చెప్పాను. వెంకటేశ్వరమ్మ గారి చేతిలో మజ్జిగ చెంబు అలాగే ఉండిపోయింది. అప్పుడైనా నేను ఆగి ఉండాల్సింది. ఆమె చెంబు కింద పెట్టారు. “మనసులో లేని గెలుపు ఎన్నాళ్ళుంటదిలెండి. మళ్ళీ పెట్టండి మాస్టారూ” అన్నారు. ఎంత గొప్ప మనిషి అనుకున్నాను. ఆమె గొప్పతనాన్ని మెచ్చుకుంటూ రెండోసారి మజ్జిగ కూడా పోయించుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండిపోతోంది.

మైకులో చెప్పి మూడింటికి అందర్నీ మళ్ళీ షెల్టరుకి పిలిపించారు. ఈసారి ఎవరి చేతికీ ఏమీ ఇవ్వొద్దని, పద్ధతి నేనే చెప్పాను. తెర వెనక నేల మీద రెండు స్టీలు పళ్ళేలు పెట్టించాను. ఒకదాంట్లో రాశిగా వడ్లు, ఇంకోదాంట్లో రాశిగా గల్లుప్పు. మధ్యలో కుండ. ఎవరికి వాళ్ళే వంగి, కావలసినది ఒక్కటి తీసి కుండలో వేసి రావడమే. పళ్ళేలు స్వయంగా నేనే సర్దాను, రెండూ సమానంగా కనపడాలని రాశుల తలల మీద కొంచెం ఒత్తి చదును కూడా చేశాను. హెడ్మాస్టరు గారు గుమ్మం బయట కుర్చీలో కూర్చుని పేర్లు టిక్కు పెట్టుకున్నారంతే. మధ్యాహ్నానికి ఊళ్ళో గాలి మారిందని మెట్ల మీద మాటల్లోనే తెలుస్తోంది. పొద్దున కిమ్మనకుండా వెళ్ళిపోయినవాళ్ళు ఇప్పుడు గట్టిగా చెరువులంటున్నారు. వరి వైపువాళ్ళు గోడవారగా నిలబడి మాట్లాడటం లేదు. వెంకటేశ్వరమ్మ గారు అందరికీ దారిస్తూ చివరికి వచ్చారు, ఆమె తర్వాత ఒక్క ముసలాయనే మిగిలాడు.

కుండ బోర్లించారు. ఉప్పు ఇరవై ఒకటి. గింజలు ఇరవై. మళ్ళీ లెక్కపెట్టారు, మూడోసారి సుభానీ గారి చేత లెక్కపెట్టించారు. ఒక్కటే తేడా. ఈసారి కూడా ఎవరూ చప్పట్లు కొట్టలేదు, నేను అసలే కొట్టలేదు. శ్రీను కూడా మొహం పాలిపోయి, “ఇరవయ్యా? వరికి ఇరవై పడ్డయ్యా?” అని రెండుసార్లు అడిగాడు. వరి వైపు అంతమంది ఉన్నారని వరివాళ్ళకే తెలీదు. హెడ్మాస్టరు గారు కాగితం చదివారు: ఈ వానాకాలపు సార్వా పంట కోతలయ్యాక తవ్వకం మొదలు, ఐదేళ్ళు అందరూ కట్టుబడాలి. నాలుగున్నరకల్లా మేడ ఖాళీ అయింది.

బస్సుకి ఇంకా టైముంది. సుభానీ గారు ఆమె బోరు నీళ్ళు ఒకసారి కొలుస్తానంటే, ముగ్గురం గట్టు మీద నడిచి వెళ్ళాం. ఆయన మోటారు దగ్గరుంటే, నేనూ వెంకటేశ్వరమ్మ గారూ ఆమె చేను ఒడ్డున నిలబడ్డాం. నారుమడి దున్ని పెట్టి ఉంది. “నన్ను క్షమించండమ్మా, నా నోరు ఊరుకోలేదు” అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపారు. “మీదేం లేదు మేడమ్ గారూ. నేనూ ఉప్పే వేశాను.”

నేను విన్నది నమ్మలేక మళ్ళీ అడిగాను. ఆమె చాలా మామూలుగా చెప్పుకొచ్చారు. “తెర వెనక్కి పోయి చూస్తే ఉప్పు పళ్ళెంలో ఇంత గుంట పడి ఉంది. వడ్ల పళ్ళెం చూస్తే ఎవరూ చెయ్యి పెట్టినట్టు లేదు, పోసింది పోసినట్టే ఉంది. అందరూ అటే పోయారనుకున్నాను. చివర్లో కుండ బోర్లిస్తే ఒక్క గింజ కనపడిందనుకోండి, అది ఎవరిదో వేరే చెప్పాలా? రేపు నీళ్ళకైనా, దారికైనా, చివరికి ఈ ఎకరం కౌలికివ్వాలన్నా శ్రీనుగాడి మొహమే చూడాలి. ఒక్కదాన్నే అడ్డం నిలబడ్డానన్న పేరెందుకని వేసేశాను” అన్నారు.

ఉప్పు రాయి చింతగింజంత ఉంటుంది. ఇరవై రాళ్ళు తీస్తే రాశిలో గుంట పడుతుంది. వడ్లగింజలు ఇరవై తీస్తే ఆ రాశిలో ఎవరికి కనపడుతుంది? పళ్ళేలు సర్దింది నేను. తలలు చదును చేసింది నేను. ఆమె ముందు పంతొమ్మిదో ఇరవయ్యో మంది తీసిన గింజల్ని నా వడ్లరాశి దాచేసింది. ఆ ఒక్క రాయి ఆమె వెయ్యకుండా గింజ వేసి ఉంటే ఇరవై ఒక్క గింజలు, ఇరవై ఉప్పు రాళ్ళు. వరి నిలబడేది. ఆమె చేనూ నిలబడేది. ఈ లెక్క ఆమెకి తెలుసో లేదో అనుకుంటూ వేళ్ళు మడుస్తున్నాను. “లెక్క నాకూ వచ్చండీ” అన్నారు ఆమె. “అక్కడే, తువ్వాలు దగ్గరే చేసుకున్నాను.”

“పదండి, మాస్టారికి చెబుదాం. మళ్ళీ పెట్టమందాం. ఈసారి కూడా పద్ధతిలో తప్పే జరిగింది” అన్నాను. నా గొంతు నాకే అసహ్యంగా వినపడింది. ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపారు. “ఒకసారి మీరు చెప్పారని పెట్టారు. ఇప్పుడు నాకోసం పెట్టాలి. రేపు శ్రీను వచ్చి ఇంకో తప్పు చూపిస్తే వాడికోసం నాలుగోది పెట్టాలి. ఊరికి వేరే పనుండొద్దా? నా చేత్తో నేను వేసుకున్నాను, ఎవరూ పట్టుకుని వేయించలేదు. మీరు రాయండి, ఊరి పేరు మాత్రం వద్దు.” బోరు దగ్గర నుంచి సుభానీ గారు గ్లాసుతో నీళ్ళు పట్టుకొచ్చారు. ఆ నీళ్ళు తియ్యగా ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

ఐదున్నరకి నాగాయలంకలో బస్సెక్కి, అవనిగడ్డలో మారి, ఎనిమిదిలోపే గుడివాడ చేరాను. బందరు చుట్టుదారి పెట్టుకోకపోతే అంత తొందరగా రావచ్చు. సుభానీ గారు చల్లపల్లిలో దిగి బందరు బస్సు మారారు. ఇన్నేళ్ళుగా నేను పిల్లలకి చెప్పిందేమిటంటే, జనం ఒక్కోసారి ప్రశ్నకి కాకుండా అడిగినవాడికి జవాబిస్తారని. అది సగమే. జనం పక్కవాడేమంటాడో ఊహించుకుని ఆ ఊహకి జవాబిస్తారు, పక్కవాడు వాళ్ళని చూసి అదే పని చేస్తాడు. ఆ ఇరవై ఒక్క రాళ్ళలో నిజంగా చెరువు కోరుకున్న రాళ్ళెన్నో, పళ్ళెంలో గుంట చూసి పడినవెన్నో ఎవరికీ తెలీదు. ఆమె ఒక్కరే చెప్పారు. ఆ ముసలాయన ఏం వేశాడో నేను అడగలేదు, అడగాలంటే భయమేసింది. పాఠం ఇప్పుడూ చెబుతున్నాను గానీ గొంతు పెద్దదవడం లేదు.

మొన్న హెడ్మాస్టరు గారి నుంచి సుభానీ గారికి ఫోనొచ్చింది. నాట్లు పడ్డాయట, ఆమె చేనే ముందు పచ్చబడిందట. గట్టు మాత్రం ఎత్తు చేయించలేదట. మీలో ఎవరైనా ఆ వైపు వెళ్ళాలనుకుంటే ఒక్క సూచన. బందరు చుట్టు తిరగకండి. గుడివాడ నుంచి పామర్రు, చల్లపల్లి, అవనిగడ్డ మీదుగా నాగాయలంకకి మూడు గంటల లోపే, పొద్దున్నే బయలుదేరితే సాయంత్రానికి తిరిగి రావచ్చు. చలికాలంలో చూద్దాంలే అని మాత్రం వాయిదా వేయకండి. కోతల ముందే వెళ్ళండి. నాగాయలంక దాటాక చెరువుల మధ్య ఒకచోట వరి కనపడుతుంది, కాసేపు ఆగి చూడండి. అది ఈ ఒక్క పంటే.